టెక్నికల్ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా జనరల్ స్టడీస్ చెప్పమని పిలిస్తే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు చరిత్రలో ఎంఏ చేశారు. ఒక టెక్నికల్ కాలేజీవాళ్లు వారానికి ఆరు పీరియడ్లు జనరల్ స్టడీస్ చెప్పమని పిలిచారు, గంటల లెక్కన డబ్బులిస్తామన్నారు. సిలబస్ అడిగితే ఒక్క పేజీ కాగితం చేతిలో పెట్టారు. అందులో ‘సమాజం – సాంకేతికత’, ‘భావ వ్యక్తీకరణ’, ‘పౌర జీవితం’ అనే శీర్షికలు తప్ప ఇంకేం లేవు. ఒప్పుకోవాలా వద్దా, ఒప్పుకుంటే మెకానికల్, ఎలక్ట్రికల్ పిల్లలు వింటారా, వాళ్లకు అసలు ఏం చెప్పాలి అని అడిగారు.

నేను ఈ పని చాలా ఏళ్లు చేశాను, అందులో ఎక్కువ కాలం పార్ట్‌టైమ్‌గానే. ఒప్పుకోండి. కాకపోతే దీని మీదే ఇల్లు గడుస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి. ఆ ఒక్క పేజీ సిలబస్ చూసి కంగారు పడాల్సిన పని కూడా లేదు. మిగతా లెక్చరర్లంతా సిలబస్ పూర్తి కాలేదని పరుగులు పెడుతుంటారు. మీకు ఆ టెన్షన్ ఉండదు. ఏం చెప్పాలో మీరే నిర్ణయించుకునే అవకాశం ఆ కాలేజీలో ఇంకెవరికీ లేదు.

ముందు డబ్బు సంగతి మాట్లాడదాం, ఎందుకంటే చాలామంది మొహమాటపడి అడగనిది అదే. పీరియడ్‌కి ఇంత అంటే ఆ పీరియడ్‌కే. సెక్షన్‌లో 60 మంది ఉంటే, ఒక్కొక్కరు రాసిన అరపేజీని నాలుగు నిమిషాల్లో దిద్దినా మొత్తం నాలుగు గంటలు. రెండు సెక్షన్లయితే ఎనిమిది. పాఠం తయారీకి పట్టే సమయం దీనికి అదనం. అందుకని వాళ్లు చెప్పిన రేటును క్లాసు గంటలతో కాకుండా మీరు నిజంగా పెట్టే గంటలతో భాగించి చూడండి. అప్పుడు కూడా సరే అనిపిస్తేనే చేరండి. సెలవుల్లో ఏమీ రాదు. పరీక్షలకో, కాలేజీ ఫెస్ట్‌కో మీ క్లాసు ఎగిరిపోతే ఆ పీరియడ్ డబ్బు వస్తుందా? ఇన్విజిలేషన్‌కి, పేపర్ సెట్ చేయడానికి, వాల్యుయేషన్‌కి విడిగా ఇస్తారా, లేక అవి కూడా మీ డ్యూటీలోవే అంటారా? ఇవన్నీ చేరే ముందే అడగాలి. చేరాక అడిగితే గొణుగుడులా వినిపిస్తుంది.

ఆర్డర్ కాగితం ఇస్తామని చెప్పి ఇవ్వకుండా జాప్యం చేస్తే మీరే ఒక మెయిల్ పెట్టండి. ‘మనం మాట్లాడుకున్న ప్రకారం నేను ఫలానా తేదీ నుంచి ఇన్ని పీరియడ్లు, ఈ రేటుకు చెప్పడానికి అంగీకరిస్తున్నాను’ అని రెండు వాక్యాలు చాలు. జవాబు రాకపోయినా తేదీతో సహా ఆ మెయిల్ ఉంటుంది. అకౌంట్స్ సెక్షన్‌లో మనిషి మారినప్పుడు అది ఎంత పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

ఇంకో రెండు విషయాలు తెలుసుకోవాలి. మీ సబ్జెక్టుకు మార్కులు ఉన్నాయా, లేక పాస్ అయితే చాలు అనే రకమా? మీ పీరియడ్ ఎప్పుడు? మూడు గంటల వర్క్‌షాప్ తర్వాత రోజు చివరి పీరియడ్ ఇస్తే, మీ ముందు కూర్చునేది చేతులకు గ్రీజుతో, నిద్ర కళ్లతో ఉన్న క్లాసు. టైమ్‌టేబుల్ వేసే మనిషిని పట్టుకుని, వారంలో ఒక్కటైనా ఉదయం పీరియడ్ ఇవ్వమని అడగండి. రెండు పీరియడ్లు కలిపి ఇస్తే ఇంకా మంచిది. చర్చ పెట్టి, దాని మీద రాయించడానికి ఒక్క పీరియడ్ సరిపోదు.

ఈ సబ్జెక్టు ఎందుకు పుట్టిందో కొంచెం తెలుసుకుంటే క్లాసులో ఎందుకు చతికిలపడుతుందో కూడా అర్థమవుతుంది. అమెరికాలో 1862లో వచ్చిన మోరిల్ చట్టం వ్యవసాయం, యంత్ర విద్యలు నేర్పే కాలేజీలకు భూములు ఇస్తూనే, ఉదార విద్యను, అంటే సాహిత్యం, చరిత్ర లాంటి చదువులను, కూడా వదలొద్దని చెప్పింది. మన దగ్గర విశ్వవిద్యాలయ విద్య మీద 1948–49లో వేసిన రాధాకృష్ణన్ కమిషన్ వృత్తి విద్యతో పాటు సాధారణ విద్య కూడా ఉండాలంది. బ్రిటన్ విద్యా మంత్రిత్వ శాఖ 1957లో సర్క్యులర్ 323 పేరుతో టెక్నికల్ కాలేజీల్లో ఉదార విద్యకు చోటు కల్పించమని కోరింది. దాంతో వారానికి ఒక రోజు ఫ్యాక్టరీ నుంచి కాలేజీకి వచ్చే అప్రెంటిస్ కుర్రాళ్ల ముందుకు సాహిత్యం, చరిత్ర చదివిన లెక్చరర్లు వెళ్లి నిలబడ్డారు. సైన్సు చదివి నవలలు రాసిన బ్రిటిష్ రచయిత సి.పి. స్నో సైన్సువాళ్లకూ సాహిత్యంవాళ్లకూ మధ్య అగాధం గురించి కేంబ్రిడ్జిలో ఉపన్యాసం ఇచ్చింది 1959లో.

ఉద్దేశాలన్నీ మంచివే. కానీ వాటి అడుగున ఒక నమ్మకం ఉంది: ఇంజనీరింగ్ చదివేవాడిలో ఏదో లోటు ఉంది, మనం వెళ్లి నింపాలి అని. (స్నో రెండు వైపులనూ తప్పుపట్టాడు, అది వేరే సంగతి. కాలేజీలు ఒక వైపు తప్పునే తీసుకున్నాయి.) క్లాసులో మీరు నోరు విప్పిన పది నిమిషాల్లో పిల్లలు ఈ నమ్మకాన్ని పసిగడతారు. ‘మీకు సంస్కారం నేర్పడానికి వచ్చాను’ అని మొహం మీద రాసి ఉన్న మనిషి మాట ఎవరు వింటారు? మీరైనా వినరు.

అందుకే ఈ పనికి నేను నమ్మే పద్ధతి ఒక్కటే. మీకంటే వాళ్లకు బాగా తెలిసిన వస్తువుతో మొదలుపెట్టండి. వాళ్ల పాఠ్యపుస్తకం జవాబు చెప్పలేని ప్రశ్న దగ్గరికి తీసుకెళ్లండి. మొదటి సగంలో వాళ్లు మీకు చెబుతారు. రెండో సగంలో ఎవరి దగ్గరా రెడీమేడ్ జవాబు ఉండదు, మీ దగ్గర కూడా. జనరల్ స్టడీస్ మొదలయ్యేది అక్కడ.

ఉదాహరణకు మెకానికల్, సివిల్ సెక్షన్లలో నేను తప్పకుండా చెప్పే పాఠం అమెరికాలోని కాన్సస్ సిటీ హోటల్‌ది. 1981 జూలై 17న అక్కడి హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో, గాల్లో వేలాడదీసిన రెండు నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. నాలుగో అంతస్తు వంతెన పైన, సరిగ్గా దాని కిందే రెండో అంతస్తు వంతెన. మొదటి డ్రాయింగ్‌లో పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి కడ్డీ రెండింటినీ మోస్తుంది. అంత పొడవు కడ్డీకి మరలు కోయడం, నట్టు బిగించడం కష్టమని దాన్ని రెండు ముక్కలు చేశారు. పైకప్పు నుంచి నాలుగో అంతస్తు వరకు ఒకటి, నాలుగో అంతస్తు దూలం నుంచి రెండో అంతస్తుకు ఇంకొకటి. బోర్డు మీద ఈ రెండు బొమ్మలూ పక్కపక్కనే గీయండి. పేరు చెప్పకండి, ప్రమాదం అని చెప్పకండి. ‘నాలుగో అంతస్తు దూలం కింది నట్టు మీద బరువు ఏ బొమ్మలో ఎంత?’ అని మాత్రం అడగండి.

క్లాసులో ఎవరో ఒకరు రెండు నిమిషాల్లో చెబుతారు: రెండో బొమ్మలో రెట్టింపు అని. ఒకే తాడు పట్టుకుని ఇద్దరు వేలాడటానికీ, రెండోవాడు తాడు వదిలేసి మొదటివాడి కాళ్లు పట్టుకోవడానికీ ఉన్న తేడా అది. చెప్పినవాడిని బోర్డు దగ్గరికి పిలిచి మిగతావాళ్లకు వివరించమనండి. మీరు పక్కకు జరిగి నిలబడండి. మీరు ఎంఏ హిస్టరీ అని వాళ్లకు తెలుసు. లెక్క వాళ్ల చేత చెప్పించుకుని నిజంగా వింటున్నారని చూశాక క్లాసు మీతో వేరేగా ఉంటుంది.

ఆ తర్వాతే ఏం జరిగిందో చెప్పండి. డ్రాయింగ్ మార్పు ఉక్కు పని చేసే కంపెనీ (ఫ్యాబ్రికేటర్) నుంచి వచ్చింది, ఇంజనీరింగ్ సంస్థ ముద్రతో ఆమోదం పొందింది, కానీ ఆ జాయింటు లెక్క మళ్లీ ఎవరూ వేయలేదు. తర్వాత జరిగిన దర్యాప్తులో ఇంకొకటి తేలింది: అసలు డ్రాయింగ్ ప్రకారం కట్టినా ఆ జాయింటు నగర నిబంధనలు కోరిన బరువులో దాదాపు 60 శాతమే మోసేది. ఇప్పుడు అడగండి, బాధ్యత ఎవరిది? మార్పు కోరినవాడిదా, ముద్ర వేసినవాడిదా, మొదట గీసినవాడిదా? ‘వాళ్లు చూసుకుంటారులే’ అని ప్రతి ఒక్కరూ అనుకున్న చోట తప్పు ఎవరి ఖాతాలో వేస్తాం? మిస్సోరి రాష్ట్రం ఇంజనీర్ల లైసెన్సులు రద్దు చేసింది. అది న్యాయమేనా? ముద్ర వేయడం అంటే ఏం హామీ ఇచ్చినట్టు?

ఇక్కడ మీరు ఎక్కువ మాట్లాడకూడదు. చేయి ఎత్తనివాళ్లను పేరు పెట్టి పిలవండి. ఒకడు ‘ఫ్యాబ్రికేటర్‌దే తప్పు’ అంటే, కాసేపాగి వాడినే ఫ్యాబ్రికేటర్ తరఫున వాదించమనండి. చివరి పావుగంట రాత పని: మీరు ఆ వర్క్‌షాప్‌లో సూపర్‌వైజర్, కొత్త డ్రాయింగ్ మీద అనుమానం వచ్చింది, ఇంజనీరుకు ఐదు వాక్యాల్లో ఉత్తరం రాయండి. సిలబస్ కాగితంలోని ‘భావ వ్యక్తీకరణ’ కూడా ఇందులోనే అయిపోయింది. ‘గౌరవనీయులైన’ దగ్గర మొదలై ‘తమ విధేయుడు’ దగ్గర ముగిసి, మధ్యలో అనుమానం ఏమిటో చెప్పని ఉత్తరాలు మొదటిసారి చాలా వస్తాయి. పైఅధికారికి చెడు వార్త చెప్పడం ఎవరూ నేర్పకపోతే ఎలా వస్తుంది?

ఆ ఉత్తరాల నుంచి తర్వాతి వారం నేరుగా అమెరికా అంతరిక్ష నౌక, స్పేస్ షటిల్ చాలెంజర్‌ ప్రమాదానికి వెళ్లొచ్చు. 1986 జనవరి 28న ఆ షటిల్ పేలి ఏడుగురు చనిపోయారు. బూస్టర్ రాకెట్ జాయింట్లలోని రబ్బరు రింగులు చలికి గట్టిపడి సరిగా మూసుకోకపోవడం కారణం. రోజర్ బోయిజొలీ అనే ఇంజనీరు ఆర్నెల్ల ముందే, 1985 జూలైలో, ప్రాణనష్టం జరగొచ్చని ఆ బూస్టర్లు తయారుచేసే తన కంపెనీ పైవాళ్లకు లిఖితంగా హెచ్చరించాడు. ప్రయోగానికి ముందు రాత్రి ఫోన్ సమావేశంలో ఇంజనీర్లు ప్రయోగం వద్దన్నారు, మేనేజర్లు వాళ్ల మాట తోసిపుచ్చారు. పిల్లలకు ఇందులో నచ్చే భాగం మేనేజర్లను తిట్టడం. ఆ దశ దాటించి గ్రాఫ్ దగ్గరికి తీసుకురండి. ఆ చర్చలో చూసిన లెక్కల్లో రింగులు దెబ్బతిన్న ప్రయోగాలే ఉన్నాయి. దెబ్బతినని ప్రయోగాలను వదిలేశారు. అవన్నీ 18 డిగ్రీల సెల్సియస్ పైనే జరిగాయి. వాటిని కూడా కలిపి చుక్కలు పెడితే చలికీ రింగులకూ సంబంధం కంటికి కనిపిస్తుంది. తమకు నిజం తెలిసి కూడా దాన్ని ఎదుటివాడికి కనిపించేలా పెట్టలేకపోతే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు దొరకలేదు.

కంప్యూటర్ బ్రాంచి అయితే క్యాన్సర్ చికిత్సకు వాడిన థెరాక్–25 రేడియేషన్ యంత్రం సంగతి తీసుకోండి. 1985 నుంచి 1987 వరకు కనీసం ఆరుగురు రోగులకు మితిమీరిన డోసు పడింది. పాత మోడళ్లలో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి సాఫ్ట్‌వేర్ మీద భారం వేశారు. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చేది, దాని అర్థం ఆపరేటర్‌కు ఇచ్చిన పుస్తకంలో లేదు. ‘మీ ప్రాజెక్టులో ఎర్రర్ మెసేజ్‌లు చదివి చెప్పండి’ అంటే క్లాసంతా నవ్వుతుంది. తర్వాత ఆ నవ్వు తగ్గుతుంది.

అలాగని వరసగా ప్రమాదాలే చెప్పకండి. మూడోది అయ్యేసరికి పిల్లలు ‘ఈసారి ఎంతమంది పోయారు సార్?’ అని ఉత్సాహంగా అడుగుతారు. చదువు తమాషాగా మారిందని గుర్తు అది. మంచిగా జరిగినవీ ఉన్నాయి. 1959లో కార్ల కంపెనీ వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేసిన మూడు బిందువుల సీటు బెల్టు పేటెంటును ఆ కంపెనీ ఇతర కంపెనీలూ వాడుకునేలా వదిలేసింది. ఎందుకు వదిలింది, మీరైతే వదులుతారా అని అడిగితే వ్యాపారం, నీతి, చట్టం మూడూ బల్ల మీదికి వస్తాయి.

అసలు టెక్నాలజీతో సంబంధం లేనివి కూడా పెట్టండి. నా అనుభవంలో అందరికంటే ఎక్కువ శ్రద్ధగా విన్న పాఠం అపాయింట్‌మెంట్ లెటర్ చదవడం. ఒక నమూనా తయారుచేసి, ఒక్కొక్క షరతూ గట్టిగా చదివించండి. ప్రొబేషన్ అంటే ఏమిటి, నోటీస్ పీరియడ్ ఎవరికి ఎంత, బాండ్ అని రాసిన చోట నిజంగా ఏం రాశారు, ‘యాజమాన్యం అవసరాన్ని బట్టి’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది. రేపు సంతకం పెట్టబోయే కాగితం కదా, లాస్ట్ బెంచి కూడా ముందుకు వంగుతుంది.

కథలు, కవిత్వం ఎప్పుడు అంటారా? టర్మ్ రెండో సగంలో, వాళ్లకు మీ మీద నమ్మకం కుదిరాక. ఒక పీరియడ్‌లో చదవడం పూర్తయ్యే చిన్న కథ తీసుకుని, మీరే చదివి వినిపించండి. చదివాక ‘ఇందులో రచయిత సందేశం ఏమిటి’ అని మాత్రం అడగొద్దు. స్కూల్లో కథల మీద విరక్తి పుట్టించింది ఆ ప్రశ్నే. ‘వీడు చేసింది మీకు సబబుగా ఉందా?’ అని అడిగి ఊరుకోండి.

రాజకీయం, మతం వస్తాయి. రాకుండా ఆపలేరు, ఆపకూడదు కూడా. కానీ మీరు పార్ట్‌టైమ్ అని గుర్తుంచుకోండి. ఎవరో ఒకరు ఇంట్లో వక్రంగా చెప్పి, అది ప్రిన్సిపల్ దాకా వెళితే, మీ కోసం నిలబడే మనిషి ఉండకపోవచ్చు. నా నియమం ఇది: విషయం ఏదైనా చర్చించవచ్చు, నేను ఎటువైపో చెప్పను, ప్రతి ఒక్కరూ తాము నమ్మని వైపు నుంచి ఒకసారి మాట్లాడాలి. మొదటి రోజే ఈ నియమం చెప్పేయండి, వివాదం వచ్చాక చెబితే తప్పించుకున్నట్టుంటుంది. ఇది పిరికితనం అనే మిత్రులు నాకు ఉన్నారు. వాళ్లంతా పర్మనెంట్ ఉద్యోగులు.

దిద్దడం గురించి. అన్నీ దిద్దకండి, ఆ నాలుగు గంటల లెక్క గుర్తుంది కదా. ఒక్కోసారి ఒక్క దోషం చూడండి. ఈ వారం మొదటి వాక్యంలో విషయం ఉందా లేదా, వచ్చే వారం అంకెలకు యూనిట్లు రాశారా లేదా. అరపేజీ దాటితే చదవనని ముందే చెప్పండి, చెప్పినట్టే చేయండి. ఇంటికిచ్చే అసైన్‌మెంట్లు ఇప్పుడు దాదాపు దండగ. సగం ఏఐ రాస్తుంది, మిగతా సగం దాన్ని చూసి రాస్తారు. దొంగను పట్టుకునే ఉద్యోగం మీకెందుకు? రాత పని క్లాసులోనే, పెన్నుతో, మీ కళ్ల ముందు చేయించండి.

క్రమశిక్షణ విషయంలో అటెండెన్స్‌తో బెదిరించడం పని చేయదు. అది ఒట్టి బెదిరింపని వాళ్లకు తెలుసు. ల్యాబ్ రికార్డు రాసుకునేవాళ్లు ప్రతి సెక్షన్‌లో ఉంటారు. మీ సబ్జెక్టును అవమానించాలని కాదు, రేపు దాన్ని సబ్మిట్ చేయకపోతే మార్కులు పోతాయి. ‘పది నిమిషాలు ఇస్తాను, ముగించి మూసేయండి’ అంటే చాలామంది మూసేస్తారు. ఇంకొకడు లేచి ‘సార్, ఇది పరీక్షలో వస్తుందా?’ అంటాడు. రాకపోతే రాదని చెప్పండి. వస్తుందని అబద్ధం చెప్పి ఆ పీరియడ్ నెగ్గుకురావచ్చు కానీ ఆ ఏడాదంతా పోతుంది. వీలైతే పేపర్ సెట్ చేసేవాళ్లతో మాట్లాడి, నిర్వచనాల ప్రశ్నల మధ్య ఒక్క చర్చా ప్రశ్న పెట్టించండి. ఒక్కటి ఉంటే చాలు, క్లాసులో మీ మాటకు బరువు పెరుగుతుంది.

స్టాఫ్ రూములో మీకు బల్ల ఉండకపోవచ్చు. దాని గురించి పోట్లాడే ఓపిక ఉంటే పోట్లాడండి, లేకపోతే వర్క్‌షాప్ వైపు వెళ్లండి. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ మీకు ఆ కాలేజీలో అందరికంటే పనికొచ్చే మనిషి. ఏ విద్యార్థికి చేతి పని బాగా వచ్చో, ఎవరి ఇంట్లో ఇబ్బంది ఉందో, ఏ యంత్రం దగ్గర ఎవరి వేలికి దెబ్బ తగిలిందో ఆయనకు తెలుసు. ఒకటి రెండు ల్యాబ్ పీరియడ్లు వెనక కూర్చుని చూస్తానని అడగండి. ఎవరూ కాదనరు, ఆశ్చర్యపోతారు అంతే. పిల్లలకు మీ మీద గౌరవం కలిగేది కూడా అక్కడే, మీరు లేత్ దగ్గర నిలబడి ‘ఇది ఎందుకలా తిరుగుతోంది?’ అని అడిగినప్పుడు.

పార్ట్‌టైమ్ నుంచి పర్మనెంట్ అవుతుందా అని మీరు చివర్లో అడిగారు. ‘వచ్చే ఏడాది చూద్దాం’ అన్న మాటను హామీగా తీసుకోకండి. జనరల్ స్టడీస్‌కు పూర్తికాలపు పోస్టు ఉన్న టెక్నికల్ కాలేజీలు తక్కువ. ఉన్నచోట కూడా కావాల్సిన అర్హత మీ దగ్గర ఉందో లేదో ఇప్పుడే చూసుకుని, లేకపోతే ఆ పరీక్షో, ఆ డిగ్రీయో మొదలుపెట్టండి. ప్రతి టర్మ్ ముగియగానే, మిమ్మల్ని తీసుకున్న హెచ్‌ఓడీ అక్కడ ఉండగానే, తేదీలు, పీరియడ్ల సంఖ్య, సబ్జెక్టు పేరు రాసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోండి. మూడేళ్ల తర్వాత అన్నీ కలిపి ఇవ్వమంటే రికార్డులు దొరకవంటారు.

మొదటి రోజుకు హాజరు పట్టీ, సుద్దముక్క, ఆ రెండు కడ్డీల బొమ్మలు తీసుకెళ్లండి. స్వపరిచయం ఒక్క నిమిషంలో ముగించి, నట్టు మీద బరువెంతో అడగండి.